ముప్పై నాలుగేళ్లకే ఖాళీ అయిన సేవకుడు

1738 ఫిబ్రవరి 1వ తేదీన ఇంగ్లండు ఆగ్నేయ తీరంలోని డీల్ రేవులో ఒక గురువుగారు ఓడ దిగారు. ఆయన వయసు 34 ఏళ్లు. రెండేళ్ల నాలుగు నెలల కిందట మిషనరీగా ఎంతో ఆశతో వెళ్లిన మనిషి, ఇప్పుడు తలవంచుకొని తిరిగి వచ్చారు. వెనుక ఒక కోర్టు కేసు ఉంది. చేజారిపోయిన ప్రేమ ఉంది. తనమీద తిరగబడిన ఊరు ఉంది. వీటన్నిటికంటే బరువైనది మరొకటి ఉంది. ఇతరులను మార్చడానికి సముద్రం దాటి వెళ్లిన తానే ఇంకా మారలేదేమో అన్న భయం అది. ఆ గురువుగారి పేరు జాన్ వెస్లీ.

నడివయసు సంక్షోభం అనే మాట ఈమధ్య మన సంఘాల్లో కూడా వినబడుతోంది. నలభై ఐదో యాభయ్యో దాటాక మనిషి వెనక్కి తిరిగి చూసుకొని, ఇంతకాలం పరుగెత్తింది దేనికోసం అని తనను తాను ప్రశ్నించుకోవడం దాని లక్షణం అంటారు. కానీ ఆ ప్రశ్న వయసు చూసి రాదు. ముప్పై రెండేళ్ల ఉద్యోగికి వస్తుంది. ముప్పై ఐదేళ్ల తల్లికి వస్తుంది. పదేళ్లుగా ప్రతి ఆదివారం ప్రసంగపీఠం ఎక్కుతున్న యువ పాస్టరుగారికి వస్తుంది. బయట లోకంలో ఆ ప్రశ్న వస్తే మనిషి ఎవరో ఒక స్నేహితుడితో చెప్పుకుంటాడు. సంఘంలో ఉన్నవాడు మాత్రం చెప్పుకోలేడు. విశ్వాసం తగ్గిపోయిందంటారని, ప్రార్థన చాలడం లేదంటారని లోపలే దాచుకుంటాడు. అందుకే వెస్లీ జీవితంలోని ఆ కొన్నేళ్లను ఈ వారం మీ ముందు ఉంచుతున్నాము.

వెస్లీ 1703లో ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే ఊరిలో పుట్టారు. తండ్రి శామ్యూల్ ఆ ఊరి గురువు. తల్లి సుసన్నా పంతొమ్మిది మంది పిల్లలను కన్నది. వారిలో చాలామంది పసితనంలోనే చనిపోయారు. జాన్‌కు అయిదేళ్ల వయసులో, 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి వారి ఇల్లు తగలబడింది. అందరూ బయటపడ్డారు గాని ఈ పిల్లవాడు మేడమీద చిక్కుకుపోయాడు. ఒకరి భుజాలమీద మరొకరు ఎక్కి కిటికీలోనుండి అతణ్ణి కిందికి దించారు. మరు నిమిషంలో ఇంటి పైకప్పు కూలిపోయింది. జెకర్యా ప్రవక్త చెప్పిన కొరివిలాగా మంటల్లోనుండి బయటపడిన ఈ బిడ్డమీద దేవునికి ప్రత్యేకమైన ఉద్దేశం ఉందని ఆ తల్లి గట్టిగా నమ్మింది. ఆ నమ్మకం పిల్లవాడికి ఆశీర్వాదం అయింది. కొంత బరువు కూడా అయింది. దేవుడు నన్ను కాపాడింది ఏదో గొప్ప పనికోసమే అనుకొని పెరిగే బిడ్డకు, ఆ పని కనబడని రోజున మామూలు మనిషికంటే ఎక్కువ కలత కలుగుతుంది.

చదువులో ఆయనకు లోటు లేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి, 1725లో డీకనుగాను 1728లో గురువుగాను అభిషేకం పొందారు. 1726లోనే లింకన్ కళాశాల ఫెలోగా ఎన్నికయ్యారు. ఇరవై రెండేళ్లకే స్థిరమైన ఆదాయం, గౌరవం, విద్వాంసుల మధ్య చోటు దొరికాయి. తమ్ముడు చార్లెస్, మరికొందరు స్నేహితులు కలిసి ఒక చిన్న గుంపుగా కూడుకొనేవారు. గ్రీకు కొత్త నిబంధన చదివేవారు. ప్రతి వారం సంస్కారం తీసుకొనేవారు. బుధవారం, శుక్రవారం ఉపవాసం ఉండేవారు. జైలుకు వెళ్లి ఖైదీలను పరామర్శించేవారు. ప్రతిదీ ఒక పద్ధతి ప్రకారం చేస్తున్నారని తోటి విద్యార్థులు వారిని ఎగతాళి చేశారు. మెథడిస్టులు అనే పేరు అలా ఎగతాళిగా పుట్టిందే.

ఇంత భక్తి ఉన్నా ఆయనకు లోపల నెమ్మది లేదు. నియమాలు పెంచిన కొద్దీ, ఇంకా ఎంతో చేయాలన్న ఆరాటం పెరిగింది గాని సమాధానం రాలేదు. తండ్రి వృద్ధాప్యంలో ఎప్‌వర్త్ సంఘ బాధ్యత తీసుకొమ్మని బతిమాలారు. తన ఆత్మను కాపాడుకోవడానికి ఆక్స్‌ఫర్డే మంచి స్థలమని వెస్లీ ఒప్పుకోలేదు. 1735 ఏప్రిల్‌లో తండ్రి కన్నుమూశారు. అదే సంవత్సరం అక్టోబరులో వెస్లీ ఆ ఆక్స్‌ఫర్డును కూడా విడిచి, అమెరికాలో కొత్తగా ఏర్పడిన జార్జియా కాలనీకి మిషనరీగా ఓడ ఎక్కారు. అక్కడి ఆదివాసులకు సువార్త చెప్పాలన్నది ఆశయం. అయితే తన ముఖ్య ఉద్దేశం తన సొంత ఆత్మను రక్షించుకోవడమేనని బయలుదేరేముందు ఆయనే ఒక ఉత్తరంలో ఒప్పుకున్నారు. ఇక్కడ దొరకని నెమ్మది అక్కడ దొరుకుతుందేమో అన్న ఆశ అది. ఉద్యోగం మారితే, ఊరు మారితే, దేశం మారితే బాగుపడతామని అనుకునేవారికి ఈ ఆశ కొత్తది కాదు.

దారిలోనే ఆ ఆశకు దెబ్బ తగిలింది. 1736 జనవరి 25న అట్లాంటిక్ సముద్రంమీద పెద్ద తుఫాను వచ్చింది. ప్రధాన తెరచాప చినిగిపోయింది. నీళ్లు ఓడను ముంచెత్తాయి. ఇంగ్లీషువారు భయంతో కేకలు వేశారు. అదే ఓడలో ఉన్న మొరేవియన్ విశ్వాసులు, జర్మనీనుండి వచ్చిన సామాన్యులు, అప్పుడు ఆరాధనలో ఉన్నారు. కీర్తన మధ్యలో తుఫాను విరుచుకుపడినా వారు పాట ఆపలేదు. తరువాత వెస్లీ వారిలో ఒకరిని, మీకు భయం వేయలేదా అని అడిగారు. లేదన్నాడు అతను. పోనీ మీ స్త్రీలకు, పిల్లలకు భయం వేయలేదా అంటే, చావంటే వారికీ భయం లేదని నెమ్మదిగా చెప్పాడు. చావంటే వెస్లీకి భయం ఉంది. ఆ సంగతి ఆయనకు ఆ రోజు బాగా తెలిసింది.

జార్జియాలో దిగిన వెంటనే మొరేవియన్ల నాయకుడు స్పాంగెన్‌బర్గ్ ఆయనను కలిసి, యేసుక్రీస్తును ఎరుగుదువా అని అడిగారు. ఆయన లోకరక్షకుడని ఎరుగుదునని వెస్లీ అన్నారు. నిజమే, మరి నిన్ను రక్షించాడని ఎరుగుదువా అని మళ్లీ ప్రశ్న. నా కోసం చనిపోయాడని నిరీక్షిస్తున్నానని జవాబు. నిన్ను నీవు ఎరుగుదువా అని ఇంకో ప్రశ్న వేస్తే అవునన్నారు. కానీ ఆ మాటలు ఉత్తమాటలేమోనని భయపడ్డానని తన దినచర్యలో రాసుకున్నారు. గ్రీకు తెలిసిన గురువు, ఆదివారపు బడి పిల్లవాడిని అడిగే ప్రశ్నకు తడబడ్డారు.

సవానాలో సేవ సాఫీగా సాగలేదు. ఆదివాసుల మధ్య తాను తలచిన పని మొదలుకాలేదు. కాలనీవాసులకు ఆయన కఠినమైన నియమాలు నచ్చలేదు. ఇంతలో సోఫియా హాప్కీ అనే యువతిమీద ఆయన మనసు పడింది. ఆమె ఆ ఊరి పెద్ద అధికారి భార్యకు మేనకోడలు. పెళ్లి చేసుకోవాలా వద్దా అని నెలల తరబడి తేల్చుకోలేకపోయారు. చివరికి చీట్లు వేసి చూశారు. వద్దని వచ్చింది. 1737 మార్చిలో ఆమె విలియమ్సన్ అనే వ్యక్తిని పెళ్లి చేసుకుంది. ఆగస్టులో వెస్లీ సంఘ నియమాలు పాటించలేదని చెప్పి ఆమెకు సంస్కారం ఇవ్వడానికి నిరాకరించారు. నియమం నియమమేనని ఆయన అనుకున్నారు. గాయపడిన మనసు నియమం వెనుక దాక్కుందని ఊరు అనుకుంది. ఆమె భర్త కేసు వేశాడు. ఆయనమీద పది అభియోగాలు నమోదయ్యాయి. విచారణ ఎంతకూ ముగియలేదు. 1737 డిసెంబరు 2న సాయంకాల ప్రార్థన ముగించుకొని ఆయన చీకట్లో ఆ ఊరు విడిచిపెట్టారు.

ఇంటికి తిరుగు ప్రయాణంలో రాసుకున్న మాటల్లో ఆయన తనను ఏమాత్రం వెనకేసుకు రాలేదు. ఆదివాసులను మార్చడానికి వెళ్లాను, నన్ను ఎవరు మారుస్తారు అన్నదే వాటి సారాంశం. విశేషమేమంటే, ఆయన డీల్‌లో దిగుతున్న సమయానికే ఆయన మిత్రుడు జార్జ్ విట్‌ఫీల్డ్ జార్జియాకు బయలుదేరి సముద్రంమీద ఉన్నారు. ఒకరు ఉత్సాహంతో వెళ్తుంటే ఒకరు ఓడిపోయి వస్తున్నారు. మన తోటివారు ముందుకు వెళ్తుండగా మనమే వెనక్కి వస్తున్నట్టు తోచే రోజులు ఎంత చేదుగా ఉంటాయో అనుభవించినవారికి తెలుసు.

అంతవరకు వెస్లీ రెండు మార్గాలు ప్రయత్నించారు. మొదటిది, నియమాలు పెంచడం. రెండవది, స్థలం మార్చడం. రెండూ విఫలమయ్యాయి. ఇక మూడవ మార్గం ఆయన ముందు నిలిచింది. అది సేవ మానేయడం.

అప్పుడే, ఫిబ్రవరి 7న, లండన్‌లో పీటర్ బోలర్ అనే మొరేవియన్ యువకుడు ఆయనకు పరిచయమయ్యారు. బోలర్‌కు అప్పటికి 25 ఏళ్లు. వెస్లీకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు. ఇంగ్లీషు అంతగా రాదు. అయినా ఆక్స్‌ఫర్డ్ ఫెలో ఆ కుర్రవాడి ముందు కూర్చొని, రక్షణార్థమైన విశ్వాసం అంటే ఏమిటో విద్యార్థిలాగా నేర్చుకున్నారు. మన కుటుంబాల్లో, సంఘాల్లో వయసుకు, పదవికి ఎంత విలువ ఇస్తామో ఆలోచిస్తే, వెస్లీ చేసింది చిన్న విషయం కాదు. లోపల ఖాళీ అయినవాడు తనకంటే చిన్నవాడి దగ్గర చేయి చాపడానికి సిగ్గుపడలేదు.

మార్చి మొదటివారంలో తనకు ఆ విశ్వాసం లేదని ఆయనకు స్పష్టమైంది. లేనిదానిని ఇతరులకు ఎలా ప్రకటించాలి? ప్రసంగించడం మానేయాలా అని బోలర్‌నే అడిగారు. మానవద్దన్నారు బోలర్. విశ్వాసం కలిగేవరకు విశ్వాసాన్నే ప్రకటించు, అది కలిగాక, కలిగింది గనుక ప్రకటిస్తావు అన్నది ఆయన సలహా. వెస్లీ మరునాడే ఆ పని మొదలుపెట్టారు. ఆ కొత్త సందేశం మొదట విన్నది మరణశిక్ష పడిన ఒక ఖైదీ. ఈ సలహాను వేషధారణ నేర్పే మాటగా తీసుకోకూడదు. తన దగ్గర ఉన్నట్టు నటించమని బోలర్ చెప్పలేదు. వాక్యం నిజమైనది, అది నీ అనుభూతిమీద ఆధారపడి లేదు, కాబట్టి నీ అనుభూతికోసం దానిని ఆపవద్దు అని దాని భావం.

మే 24 బుధవారం. మధ్యాహ్నం సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో 130వ కీర్తన పాడుతుంటే విన్నారు. అగాధంలోనుండి మొరపెట్టే ఆ కీర్తన ఆయన స్థితికి సరిపోయింది. సాయంత్రం ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగే చిన్న కూడికకు వెళ్లారు. ఇష్టం లేకుండానే వెళ్లానని ఆయనే రాసుకున్నారు. అక్కడ ఎవరో రోమా పత్రికకు మార్టిన్ లూథర్ రాసిన పీఠిక చదువుతున్నారు. సుమారు తొమ్మిదింటికి పావుగంట ముందు, క్రీస్తులో విశ్వాసం ద్వారా దేవుడు హృదయంలో చేసే మార్పునుగూర్చి చదువుతుండగా, తన హృదయంలో ఎన్నడూ లేని వెచ్చదనం ఆయనకు తెలిసింది. క్రీస్తును, క్రీస్తును మాత్రమే నమ్ముతున్నానని, ఆయన నా పాపాలను, నా పాపాలనే తీసివేశాడని నిశ్చయం కలిగింది. మరో మూడు వారాలకు 35 ఏళ్లు నిండుతాయనగా అది జరిగింది.

చాలామంది ఈ కథను ఇక్కడ ఆపేస్తారు. ఇక్కడ ఆపితే ఇది పూర్తి నిజం కాదు. ఆ రాత్రి ఇంటికి వెళ్లగానే శోధనలు ఆయనను చుట్టుముట్టాయి. ఎదురుచూసిన ఆనందం రాలేదేమిటని కలవరపడ్డారు. ఏడు నెలలు గడిచాక, 1739 జనవరిలో, నేను ఇంకా క్రైస్తవుడిని కాదు అన్నంత నిరాశగా రాసుకున్నారు. పెద్ద అనుభవం తరువాత కూడా చిన్న చిన్న చీకట్లు ఉంటాయి. మారిన సంగతి ఒక్కటే. ఇదివరకు చీకటి పడగానే తన భక్తిని తడుముకొనేవారు. ఇప్పుడు క్రీస్తును తడుముకోవడం నేర్చుకున్నారు.

ఎదురుచూడని దారిలో పని వచ్చింది. కృపచేత, విశ్వాసం ద్వారానే రక్షణ అని ప్రకటిస్తున్నందుకు చాలా ఆలయాలు ఆయనకు తలుపులు మూశాయి. బ్రిస్టల్ నుండి విట్‌ఫీల్డ్ పిలిచారు. అక్కడ ఆరుబయట ప్రసంగించాలి. ఆలయం బయట ఆత్మలను రక్షించడం పాపమేమో అనుకొనేంత సంప్రదాయవాది వెస్లీ. అయినా 1739 ఏప్రిల్ 2న తన మర్యాదను పక్కనపెట్టి, ఊరి బయట ఒక మెట్టమీద నిలబడి ప్రసంగించారు. దాదాపు 3,000 మంది విన్నారు. బ్రిస్టల్ పక్కనున్న కింగ్స్‌వుడ్‌లో బొగ్గు గనుల కూలీలు విన్నారు. ఏ ఆలయంలోనూ చోటులేనివారు వారు. సవానాలో ఒక చిన్న సంఘాన్ని నిలుపుకోలేక వచ్చిన మనిషికి దేవుడు పొలాన్నే ప్రసంగపీఠంగా ఇచ్చాడు.

అయితే వెస్లీ పనిలో మన సంఘాలకు అన్నిటికంటే ఎక్కువగా కావలసింది ఆ పెద్ద గుంపులు కావని మా అభిప్రాయం. 1742లో బ్రిస్టల్‌లో కూడిక మందిరం కట్టిన అప్పు తీర్చాల్సి వచ్చింది. పన్నెండుమందికి ఒక నాయకుణ్ణి పెట్టి, వారానికి ఒక పెన్నీ వసూలు చేద్దామని ఒక సభ్యుడు సూచించాడు. నాయకులు చందాకోసం ఇంటింటికీ వెళ్తే అక్కడ కష్టాలు, పాపాలు, కన్నీళ్లు కనబడ్డాయి. చందా కూడిక క్రమంగా ఆత్మీయ కూడికగా మారింది. ప్రతి వారం ఆ పన్నెండుమంది కలుసుకొని, ఒకరినొకరు ఆత్మ ఎలా ఉందని అడిగేవారు. క్లాస్ మీటింగ్ అనే పేరుతో మెథడిస్టు ఉద్యమానికి అదే వెన్నెముక అయింది. తన ఖాళీతనాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఏళ్ల తరబడి నలిగిన మనిషి నడిపిన ఉద్యమంలో, ఎవరూ అలా ఒంటరిగా నలగనక్కరలేని ఒక చోటు ఏర్పడింది.

ఆ తరువాత వెస్లీ యాభై ఏళ్లకు పైగా సేవ చేశారు. గుర్రంమీద సుమారు 2,50,000 మైళ్లు తిరిగారని, 40,000 ప్రసంగాలు చేశారని లెక్క కడతారు. అన్నీ బాగుపడ్డాయని మాత్రం అనలేము. 1751లో మేరీ వజీల్ అనే విధవరాలిని పెళ్లి చేసుకున్నారు. ఆ కాపురం నిలబడలేదు. 1766లో, 63 ఏళ్ల వయసులో, తమ్ముడు చార్లెస్‌కు రాసిన ఉత్తరంలో తన లోపలి ఎండిన స్థితినిగూర్చి మనల్ని నివ్వెరపరచేంత నిజాయితీగా చెప్పుకున్నారు. అదే ఉత్తరంలో, సేవ ఆపాలన్న ఆలోచన తనకు లేదని కూడా రాశారు. 34 ఏళ్లకు వచ్చిన ప్రశ్న 63 ఏళ్లకు మరో రూపంలో వచ్చింది. కానీ ఈసారి ఆయన పారిపోలేదు. చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. 1791 మార్చి 2న 87 ఏళ్ల వయసులో ప్రభువునందు నిద్రించారు. చనిపోవడానికి ఆరు రోజుల ముందు కూడా, బానిస వ్యాపారంమీద పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్‌ను ధైర్యపరుస్తూ ఉత్తరం రాశారు.

మన తెలుగు నేలకు కూడా ఆ జీవితపు ఫలం అందింది. వెస్లియన్ మిషనరీలు హైదరాబాదు సంస్థానంలోని పల్లెల్లో సేవ చేశారు. వారిలో ఒకరైన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో కట్టిన మెదక్ కేథడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. ఏటా క్రిస్మస్‌కు అక్కడికి వెళ్లే మనలో ఎంతమందికి, ఆ గుడి వెనుకనున్న చరిత్ర కొంతవరకు ఒక ఓడిపోయిన మిషనరీ ఇంటికి తిరిగివచ్చిన రోజుతో ముడిపడి ఉందని తెలుసు?

ప్రియ పాఠకులారా, మీలో ఎవరికైనా ఆ ప్రశ్న ముందే వచ్చి ఉంటే, అది మీ విశ్వాసం చచ్చిపోయిందన్న గుర్తు కానక్కరలేదు. కర్మెలుమీద గెలిచిన ఏలీయా ఆ తరువాత బదరీ చెట్టు కింద చావు కోరుకున్నాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు, అన్నం పెట్టాడు, తరువాతే మాట్లాడాడు. తొందరపడి ఉద్యోగం, ఊరు, సంఘం మార్చేముందు, సేవ వదిలేముందు, మీ ఖాళీతనాన్ని నమ్మదగిన ఒక్క విశ్వాసితో చెప్పుకోండి. ఆ మనిషి మీకంటే చిన్నవాడైనా పర్వాలేదు. నిద్ర పట్టక, బతకాలన్న ఆశే సన్నగిల్లుతుంటే వైద్యుని దగ్గరకు వెళ్లడానికి వెనుకాడవద్దు. ఏలీయాకు రొట్టె పంపిన దేవుడే వైద్యునికీ జ్ఞానం ఇచ్చాడు. మీకు ఇష్టం లేని రోజున కూడా కూడికకు వెళ్లండి. వెస్లీ ఆ సాయంత్రం ఇష్టం లేకుండానే వెళ్లారు.

సంఘ పెద్దలకు ఒక్క మనవి. మన గృహకూడికల్లో ఉద్యోగంకోసం, వీసాకోసం, ఆరోగ్యంకోసం, పిల్లల పెళ్లిళ్లకోసం ప్రార్థన అంశాలు అడుగుతాము. మంచిదే. వాటితోపాటు వారానికి ఒకసారైనా, నీ ఆత్మ ఎలా ఉంది అని పక్కవారిని అడుగుదాము. బాగాలేదని ఎవరైనా చెబితే వెంటనే ఉపదేశం మొదలుపెట్టకుండా విందాము. ముఖ్యంగా మీ పాస్టరుగారిని అడగండి. అందరి భారాలు వినే ఆయన భారం వినేవారు చాలాచోట్ల ఎవరూ లేరు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, చేయి కలిపి వెళ్లిపోయేముందు ఆ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చేవరకు అక్కడే నిలబడండి.